వెనక సీటులో ఎవరు కూర్చుంటారు?

(మహిళా సంఘాల కార్యకర్తల శిక్షణ తరగతుల్లో చేసిన ప్రసంగ పాఠం. మాట్లాడిన తీరు మార్చకుండా, కొద్దిగా కుదించి ఇస్తున్నాం.)



రోడ్డు ప్రమాదాల గురించి మాట్లాడమని పిలిచినప్పుడు మీలో కొందరికి వచ్చిన సందేహమే మొదట నాకూ వచ్చింది. వరకట్నం, గృహహింస, భూమి హక్కు, పనిచేసే చోట వేధింపులు, ఇన్ని సమస్యలు మన ముందుండగా సీటు బెల్టు గురించి మహిళా సంఘం ఎందుకు మాట్లాడాలి? అది ట్రాఫిక్ పోలీసుల పని కదా! నిన్న భోజనాల దగ్గర ఒక అక్క ఇదే మాట నా మొహం మీదే అడిగింది. "మన ఆడోళ్లకు కార్లెక్కడివి చెల్లే, బెల్టులు పెట్టుకోనీకి?" అని. చాలా సరైన ప్రశ్న. దానికి జవాబు చివరిదాకా వెతుకుదాం.

ముందు లెక్కలు, ఎక్కువ చెప్పను. కేంద్ర రవాణా శాఖ ప్రకటించిన వివరాల ప్రకారం 2022లో మన దేశంలో 4,61,312 రోడ్డు ప్రమాదాలు జరిగాయి. చనిపోయినవారు 1,68,491 మంది. అంటే రోజుకు 460 మందికి పైగా, గంటకు 19 మంది. వీరిలో ఆడవాళ్లు నూటికి సుమారు 14 మంది. ఈ అంకె చూసే ఇది మగవాళ్ల సమస్య అని చాలామంది పక్కన పెట్టేస్తారు. చనిపోయేవాళ్లలో మగవాళ్లు ఎక్కువన్నది నిజమే. బండి వాళ్ల చేతిలో ఉంది, బయట తిరిగే పని వాళ్లకుంది. కానీ ఒక మగమనిషి రోడ్డు మీద పోతే లెక్కలో ఒకటి మాత్రమే పడుతుంది. ఆ ఇంట్లో మిగిలిన ఆడమనిషి, ఆమె నెత్తిన పడిన అప్పు, బడి మానేసిన కూతురు ఏ పట్టికలోకీ ఎక్కరు.

"ప్రమాదం" అన్న మాటను కూడా కొంచెం ఆగి చూడాలి. 1980లలో కోడళ్లు కాలి చనిపోతుంటే పోలీసు కాగితాల మీద "స్టౌ పేలి ప్రమాదం" అని రాసేవారు. అది ప్రమాదం కాదు, దాని వెనక మనుషులున్నారు, డబ్బుంది, అలవాటైపోయిన మౌనం ఉంది అని స్త్రీల సంఘాలు ఊరూరా తిరిగి చెప్పాల్సి వచ్చింది. రోడ్డు మీది చావును దానితో సమానం చెయ్యడం లేదు నేను. కానీ "టైము బాగాలేదు", "నూకలు చెల్లిపోయాయి" అనే మాటలు ఇక్కడా ఆ పనే చేస్తున్నాయి. ఎవరు ఎక్కడ కూర్చున్నారు, వాళ్లు కూర్చున్న చోట ఏముంది, ఏం లేదు అని అడగనివ్వడం లేదు. నేను ఈ రోజు ఆ ఒక్క ప్రశ్నే అడుగుతాను.

మన ఇళ్లలో కారు ఎక్కే పద్ధతి చూడండి. సొంత కారే కానక్కర్లేదు, పెళ్లికో ఆసుపత్రికో అద్దెకు తెచ్చుకున్నదే అనుకోండి. స్టీరింగు దగ్గర కొడుకో, డ్రైవరో. పక్కన ఇంటి పెద్ద, లేదా అల్లుడుగారు. వెనక అత్తగారు, కోడలు, ఆడబిడ్డ, ఒళ్లో పిల్లలు, కాళ్ల దగ్గర సంచులు. ఎవరూ ఎవరికీ చెప్పరు. పంక్తిలో ఎవరు ముందు తినాలో ఎలా తెలుసో, ఇదీ అలాగే తెలుసు. ముందున్న ఇద్దరూ బెల్టు పెట్టుకుంటారు, పోలీసుకు కనపడేది వాళ్లే గనక. వెనక బెల్టు ఉందన్న సంగతి కూడా చాలామందికి తెలియదు.

మా వదిన సంగతి చెప్తాను. 2017లో చుట్టాల పెళ్లికని అద్దె కారులో బయలుదేరారు. ఆమె చదువుకున్న మనిషి, ఎక్కగానే బెల్టు కోసం వెతికింది. పట్టీ కనపడింది గానీ దాన్ని బిగించే బకిల్ లేదు. కొత్త సీటు కవర్లు తొడిగినప్పుడు అది అడుక్కి పోయింది. డ్రైవర్ని అడిగితే నవ్వాడట. "ఎనక ఎందుకమ్మా బెల్టు, పోలీసోళ్లు ముందటోళ్లనే చూస్తరు" అన్నాడు. దారిలో ఎదురొచ్చిన లారీని తప్పించబోయి కారు కల్వర్టు గోడకు కొట్టుకుంది. డ్రైవరుకూ మా అన్నయ్యకూ ఛాతీ మీద బెల్టు ఒరుసుకుని కమిలిన గీత పడింది, అంతే. వెనకున్న వదిన ఎగిరి ముందు సీటుకు కొట్టుకుంది. తుంటి ఎముక విరిగింది. ఎనిమిది నెలలు మంచం మీద ఉంది. వాళ్లకు ఒక్కతే కూతురు, అప్పుడు తొమ్మిదో తరగతి. వంట, మందులు, తల్లికి ఒళ్లు తుడవడం, అన్నీ ఆ పిల్ల మీదే పడ్డాయి. ఆ ఏడు పరీక్షలు రాయలేదు. అన్నయ్య సెలవు పెట్టింది పన్నెండు రోజులు. ఆయన చెడ్డవాడని చెప్పడం లేదు. ఎవరి చదువు ఆగొచ్చో, ఎవరి ఉద్యోగం ఆగకూడదో ఆ ఇంట్లో ఎవరూ కూర్చుని నిర్ణయించలేదు. అలా జరిగిపోయింది.

ఇది మా ఇంటి కథే కాదు. ప్రపంచ బ్యాంకు, సేవ్ లైఫ్ ఫౌండేషన్ కలిసి నాలుగు రాష్ట్రాల్లో చేసిన ఒక అధ్యయనం 2021లో వచ్చింది. ప్రమాదం తర్వాత తమ పనుల తీరే మారిపోయిందని ఆడవాళ్లలో నూటికి 40 మంది దాకా చెప్పారు. పడకేసిన మనిషికి చాకిరీ, ఇంటి పని, దాని మీద కూలి పని కూడా. ప్రపంచ బ్యాంకు పేరు వింటే మనలో కొందరికి చిరాకని నాకు తెలుసు, నాకూ అంతే. అయినా ఈ సంగతి మాత్రం వాళ్లు అడిగి రాశారు, మనం ఇన్నాళ్లూ అడగలేదు.

ఇక బెల్టు ఏం చేస్తుంది? కారు గంటకు 50 కిలోమీటర్ల వేగంతో పోతోందంటే అందులో కూర్చున్న మనిషి కూడా అదే వేగంతో పోతున్నట్టే. కారు దేనికో కొట్టుకుని ఆగిపోతుంది. మనిషి ఆగదు, అదే వేగంతో ముందుకు పోయి ఎదురుగా ఏది ఉంటే దానికి తగులుతుంది. ఆ దెబ్బ దాదాపు 10 మీటర్ల ఎత్తు నుంచి, అంటే మూడంతస్తుల మేడ మీంచి కింద పడినదానితో సమానం. బెల్టు ఆ దెబ్బను తుంటి, ఛాతీ, భుజం ఎముకల మీదికి పంచుతుంది, మనిషిని కారుతో పాటు ఆపుతుంది. భుజం మీంచి, నడుం మీంచి వచ్చే ఈ బెల్టును 1959లో వోల్వో కంపెనీ ఇంజనీరు నిల్స్ బోలిన్ తయారు చేశాడు. ప్రాణాలకు సంబంధించినది గనక మిగతా కంపెనీలు కూడా వాడుకోవచ్చని ఆ కంపెనీ పేటెంటును వదిలేసింది. కంపెనీలు ఇలాంటివి ఎంత అరుదుగా చేస్తాయో మనకు తెలుసు కాబట్టి చెప్తున్నాను. ముందు సీటులో కూర్చున్నవారికి బెల్టు వల్ల చావు ప్రమాదం దాదాపు సగం తగ్గుతుందని, వెనక సీటులో పావు వంతు తగ్గుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తోంది. 2022లో మన దేశంలో బెల్టు లేకుండా చనిపోయిన 16,715 మందిలో 8,331 మంది బండి నడిపినవాళ్లు కారు, పక్కనా వెనకా కూర్చున్నవాళ్లు. దాదాపు సగం!

అదే ఏడు సెప్టెంబరులో ముంబయి దగ్గర పాల్ఘర్ జిల్లాలో పారిశ్రామికవేత్త సైరస్ మిస్త్రీ కారు ప్రమాదంలో పోయాడు. ఖరీదైన కారు. ముందున్న ఇద్దరూ గాయాలతో బతికారు. వెనకున్న ఇద్దరూ బెల్టు పెట్టుకోలేదు, చనిపోయారు. వెనక సీటు గురించి దేశమంతా మాట్లాడింది అప్పుడే. మనకు దగ్గరగా చూస్తే, 2014 ఏప్రిల్‌లో ఎన్నికల ప్రచారం ముగించుకుని ఇంటికి వస్తున్న శోభా నాగిరెడ్డి ఆళ్లగడ్డ దగ్గర ప్రమాదంలో చనిపోయారు. రోడ్డు మీద ఆరబోసిన వడ్లను తప్పించబోయి వాహనం పల్టీ కొట్టిందని, బెల్టు లేకపోవడంతో ఆమె బయటకు విసిరి పడ్డారని అప్పటి వార్తలు. అంతటి నాయకురాలి విషయంలోనే బెల్టు ఎవరికీ గుర్తు రాలేదు. రోడ్డు మీద వడ్లు ఎందుకు పోస్తారన్నది మరో కథ. కల్లాలు లేని రైతును తిట్టి లాభం లేదు.

ఒళ్లో పిల్లల గురించి తప్పక చెప్పాలి. "నా చేతుల్లో ఉంటే నా బిడ్డకేం కాదు" అని ప్రతి తల్లీ అనుకుంటుంది. పది కిలోల పిల్ల, 50 కిలోమీటర్ల వేగం. కారు గుద్దుకున్న క్షణంలో ఆ పిల్ల సుమారు 300 కిలోల బరువుతో మన చేతుల్లోంచి ముందుకు పోతుంది. ఏ తల్లి చేతులూ దాన్ని ఆపలేవు. పిల్లను బెల్టు లోపల పెట్టుకుని తల్లి బెల్టు బిగించుకున్నా తప్పే, తల్లి బరువు పిల్లను నలిపేస్తుంది. పిల్లలకు వేరే సీటు ఉండాలి. మార్కెట్లో దాని ధర చూస్తే మన ఇళ్లలో ఎందరు కొనగలరో తెలియనిది కాదు. కానీ ఇది తల్లి ప్రేమతో తీరే విషయం కాదని ఒప్పుకుందాం. లేకపోతే రేపు బిడ్డ పోతే "సరిగా పట్టుకోలేదు" అని తల్లినే అంటారు. అనడం నేను విన్నాను.

కడుపుతో ఉన్నవాళ్లు బెల్టు పెట్టుకోకూడదని పెద్దవాళ్లు చెప్తుంటారు, బిడ్డ మీద నొక్కుకుంటుందని. పెట్టుకోవాలి, పద్ధతిగా పెట్టుకోవాలి. నడుం పట్టీ పొట్ట మీంచి కాదు, పొట్ట కిందుగా తుంటి ఎముకల మీంచి రావాలి. భుజం పట్టీ రొమ్ముల మధ్యగా దిగి పొట్ట పక్కనుంచి పోవాలి. మీ ఊళ్లో ఆశా కార్యకర్తలకు ఈ రెండు ముక్కలూ చెప్పండి. గర్భిణిని కాన్పుకు అద్దె కారులో తీసుకుపోయే రోజులివి.

బెల్టు పెట్టుకున్నా ఆడవాళ్లకు దెబ్బలు ఎక్కువ తగులుతాయన్న సంగతి నాకు ఈ మధ్యే తెలిసింది. అమెరికాలో వర్జీనియా విశ్వవిద్యాలయం వాళ్లు ప్రమాదాల రికార్డులు పరిశీలించి 2011లో చెప్పారు: బెల్టు పెట్టుకుని కారు నడిపిన స్త్రీకి తీవ్ర గాయాలయ్యే అవకాశం, అలాంటి ప్రమాదంలోనే బెల్టు పెట్టుకున్న పురుషుడి కంటే 47 శాతం ఎక్కువ. ఎందుకు? కారును గోడకు గుద్ది పరీక్షించేటప్పుడు లోపల మనిషి బదులు ఒక బొమ్మను కూర్చోబెడతారు. దశాబ్దాలుగా ఆ బొమ్మ సగటు మగవాడి కొలతలతో ఉంది. "ఆడ బొమ్మ" అని వాడేది చాలా చిన్న ఆకారం, ఐదడుగుల కంటే పొట్టి, 50 కిలోల లోపు. మగ బొమ్మను కుదించినదే అది. మెడ, తుంటి, ఛాతీ స్త్రీవి కావు. సగటు స్త్రీ కొలతలతో ఒక బొమ్మను స్వీడన్‌లో ఆస్ట్రిడ్ లిండర్ అనే పరిశోధకురాలి బృందం 2022లో చూపించింది. కారు పుట్టి వందేళ్లు దాటాక! దీన్ని బట్టి బెల్టు మనకు పనికిరాదని అనుకోవద్దు, బెల్టు లేని స్త్రీ పరిస్థితి ఇంకా ఘోరం. మనల్ని కొలిచి చెయ్యలేదన్నది మాత్రం గుర్తుండాలి.

మోటారు సైకిలు గురించి క్లుప్తంగా చెప్తాను. ఆయన తలకు హెల్మెట్, వెనక ఒక పక్కకు కూర్చున్న ఆమె తలకు కొంగు, ఇద్దరి మధ్యా పిల్ల. ఈ బొమ్మ రోజూ చూస్తున్నాం. 2022లో హెల్మెట్ లేకుండా చనిపోయిన 50,029 మందిలో 14,337 మంది వెనక కూర్చున్నవాళ్లే. చట్టం ఇద్దరికీ హెల్మెట్ ఉండాలంటుంది. చీర, చున్నీ చక్రంలో చిక్కకుండా సగం చక్రానికి అడ్డు ఉండాలని, వెనక మనిషికి పట్టుకోవడానికి పిడి, కాలు పెట్టుకోవడానికి చోటు ఉండాలని కూడా మోటారు వాహనాల నిబంధనల్లో ఉంది. కుర్రవాళ్లు చూడ్డానికి బాగాలేదని ఆ అడ్డు ఊడబీకేస్తారు.

ఇప్పుడు అక్క అడిగిన ప్రశ్న దగ్గరికి వస్తాను. మన ఆడవాళ్లకు కార్లు లేవు. నిజమే. వాళ్లు ఎక్కేది మిరపకాయలు ఏరే కాలంలో పదిహేను మందిని కుక్కిన ఆటో, పత్తి చేలకు పోయే ట్రాక్టరు ట్రాలీ. 2018 జూన్ 24న యాదాద్రి భువనగిరి జిల్లా వలిగొండ మండలం లక్ష్మాపురం దగ్గర కూలికి పోతున్నవాళ్ల ట్రాక్టరు మూసీ కాలువలో పడింది. పదిహేను మంది పోయారు, దాదాపు అందరూ ఆడవాళ్లు. అక్కడ బెల్టు పెట్టుకోలేదని ఎవర్ని అంటాం? బెల్టు ఉండాలంటే ముందు సీటు ఉండాలి. ట్రాలీలో సీటు లేదు, అది మట్టికీ ఎరువు బస్తాలకీ చేసిన బండి.

సీటు లేకపోవడం ఆ రోజుతో అయిపోదు, కోర్టు దాకా వెంట వస్తుంది. సరుకుల బండిలో ఎక్కిన మనుషుల్ని చట్టం భాషలో "ఉచిత ప్రయాణికులు" అంటారు. అలాంటివాళ్లకు బీమా కంపెనీ బాధ్యత లేదని సుప్రీంకోర్టు 2002లో ఆశారాణి కేసులో చెప్పింది. సరుకుతో పాటు సరుకు యజమాని ఎక్కితే ఆయనకు బీమా వర్తిస్తుంది. చేనుకు పోయే కూలి మనిషికి సాధారణంగా వర్తించదు. ముందు కంపెనీని చెల్లించమని, తర్వాత బండి యజమాని దగ్గర వసూలు చేసుకోమని కొన్ని కేసుల్లో కోర్టులు అన్నాయి. అన్నిట్లో అనలేదు. లేకపోతే డబ్బు ట్రాక్టరు యజమాని ఇవ్వాలి. ఆ ట్రాక్టరే అప్పు మీద ఉంటుంది. బస్తాకు ఉన్న లెక్క మనిషికి లేదు.

ఇక చనిపోయిన ఆడమనిషి విలువ ఎంత అన్న ప్రశ్న. మోటారు వాహనాల చట్టంలో 1994లో చేర్చిన పట్టిక ప్రకారం సంపాదన లేని భార్య చనిపోతే ఆమె ఆదాయం భర్త సంపాదనలో మూడో వంతుగా లెక్క కట్టాలి. కలెక్టరు భార్య చేసే వంట ఖరీదు, కూలివాడి భార్య చేసే వంట చవక అన్నమాట! 2010లో అరుణ్ కుమార్ అగ్రవాల్ కేసులో సుప్రీంకోర్టు న్యాయమూర్తి గంగూలీ దీన్ని గట్టిగా తప్పుపట్టారు. జనాభా లెక్కల్లో గృహిణులను భిక్షగాళ్లు, ఖైదీలతో పాటు "పనిలేనివారి" జాబితాలో వేశారని కూడా ఆయన ఎత్తిచూపారు. తర్వాత 2021 జనవరి 5న కీర్తి కేసు తీర్పు వచ్చింది. ఢిల్లీలో 2014లో మోటారు సైకిలు మీద పోతూ కారు గుద్ది చనిపోయిన దంపతుల కేసు అది. ఇద్దరు పసిపిల్లలు మిగిలారు. ట్రిబ్యునల్ 40 లక్షలకు పైగా ఇస్తే హైకోర్టు 22 లక్షలకు తగ్గించింది, సుప్రీంకోర్టు 33 లక్షల 20 వేలు చేసింది. అందులో జస్టిస్ ఎన్.వి. రమణ విడిగా రాసిన తీర్పు మీరంతా చదవదగ్గది. ఇంటి పనికి ఆడవాళ్లు రోజుకు సగటున 299 నిమిషాలు, మగవాళ్లు 97 నిమిషాలు వెచ్చిస్తున్నారన్న ప్రభుత్వ సర్వేను ఆయన ఉదహరించారు. ఇంటి పనికి విలువ కట్టడం అంటే ఆ శ్రమను గుర్తించడమేనన్నారు. ఆ మూడో వంతు పట్టికను ఇప్పుడు చట్టంలోంచి తీసేశారు. అయినా రాజీ మాటల్లో "ఇంట్లో ఉండే మనిషే కదా" అన్నమాట ఇప్పటికీ వింటున్నాం. అప్పుడు ఈ తీర్పు పేరు చెప్పండి.

కార్యకర్తలుగా మీకు వెంటనే ఉపయోగపడేవి కొన్ని చెప్తాను. నష్టపరిహారం దరఖాస్తు ప్రమాదం జరిగిన ఆరు నెలల్లో వెయ్యాలని సవరించిన చట్టం అంటోంది. ఈ గడువును సవాలు చేసిన కేసులు ఉన్నాయి గానీ వాటిని నమ్ముకుని ఆలస్యం చేయకండి. విధవరాలిని కర్మలయ్యేదాకా, ఏడాది తిరిగేదాకా గడప దాటనివ్వని ఇళ్లలో ఆరు నెలలు ఎలా గడిచిపోతాయో మీకు తెలుసు. అందుకే మొదటి వారంలోనే వెళ్లి ఎఫ్.ఐ.ఆర్. కాపీ తీసి ఆమె చేతికే ఇవ్వండి, బావగారి చేతికి కాదు. పరిహారం డబ్బు పడే ఖాతా కూడా ఆమె పేరు మీదే ఉండాలి. గుద్ది పారిపోయిన బండి దొరక్కపోయినా మరణానికి 2 లక్షలు, తీవ్ర గాయానికి 50 వేలు వస్తాయి, 2022 నుంచి. ప్రమాదం జరిగిన మొదటి ఏడు రోజుల వైద్యానికి లక్షన్నర దాకా డబ్బు కట్టక్కర్లేని పథకం 2025 మేలో వచ్చింది. అది ఏ ఆసుపత్రుల్లో అమలవుతోందో మీ జిల్లాలో జాబితా అడిగి పెట్టుకోండి. దెబ్బ తగిలినవాళ్లను ఆసుపత్రికి చేర్చినవాళ్లను పోలీసులు కేసుల్లో ఇరికించకుండా 2019 సవరణ రక్షణ ఇచ్చింది, భయపడి తప్పుకోవద్దు.

బెల్టు విషయంలో నేను చేసే పని ఒకటే. అద్దె కారు మాట్లాడేటప్పుడు రేటు కంటే ముందు "వెనక బకిల్సు పైకి ఉన్నాయా?" అని అడుగుతాను. మొదట్లో నవ్వారు. ఇప్పుడు మాకు తెలిసిన ఇద్దరు డ్రైవర్లు మేం ఎక్కే ముందే సీటు కవరు పైకెత్తి వాటిని బయటికి తీసి పెడుతున్నారు. వెనక బెల్టు కూడా తప్పనిసరే, పెట్టుకోకపోతే చట్టంలో వెయ్యి రూపాయల జరిమానా ఉంది అని చెప్తే వాళ్లకీ ఆశ్చర్యమే.

ట్రాలీ సంగతి అంత తేలిక కాదు. ఎక్కొద్దని చెప్పడానికి మనమెవరం, ఎక్కకపోతే ఆ రోజు కూలి పోతుంది. తెలంగాణలో 2023 డిసెంబరు నుంచి, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు నుంచి ఆడవాళ్లకు ఆర్టీసీ బస్సు ఉచితం. బస్సులో సీటుంది, టికెట్టు ఉంది, ప్రమాదం జరిగితే ప్రయాణికురాలన్న హోదా ఉంది. కానీ కూలికి పోయేది తెల్లవారుజామున అయిదింటికి, మా మండలంలో మొదటి బస్సు వచ్చేది ఏడున్నరకు. పత్తి ఏరే రెండు నెలలైనా తెల్లవారుజామున ఒక బస్సు నడపాలని మా సంఘం డిపో మేనేజరుకు రెండుసార్లు అర్జీ ఇచ్చింది. ప్రయాణికుల సంఖ్య చాలదన్నారు. అందుకని ఇప్పుడు ఒక్కో ఊళ్లో తెల్లవారకముందే నాలుగు రోడ్ల కూడలిలో నిలబడి, ఎన్ని ట్రాలీలు, ఎన్ని ఆటోలు, ఒక్కోదాంట్లో ఎంతమంది ఆడవాళ్లు అని లెక్క రాస్తున్నాం. ఇప్పటికి పదకొండు ఊళ్లు అయ్యాయి. లెక్క రాసే కాగితం నమూనా నా దగ్గరుంది, టీ విరామంలో తీసుకోండి.